నీటి నడుమ నాగార్జునకొండ

ద్వీపమనగానే మనకు సముద్రం స్ఫురిస్తుంది. బెల్లంపల్లిలో పుట్టి పెరిగిన విద్యార్థికి సముద్రం దూరం, బొగ్గుగని దగ్గర. అయినా రాత్రి రైలెక్కి, తెల్లవారి బస్సు పట్టుకొని, ఆ తరువాత లాంచీ ఎక్కితే చేరగలిగిన ద్వీపం మనకొకటి ఉన్నది. దానిని ప్రకృతి సృష్టించలేదు. అరవై ఏళ్ల కిందటి వరకు అది చుట్టూ పొలాలున్న కొండ. కృష్ణానదికి అడ్డంగా ఆనకట్ట కట్టగా లోయ నిండింది, కొండ కొన మాత్రం నీటిపైన మిగిలింది. అదే నాగార్జునకొండ.

హైదరాబాదు నుంచి నాగార్జునసాగరుకు సుమారు 150 కిలోమీటర్లు. ఆనకట్టకు ఎడమగట్టు తెలంగాణలోని నల్గొండ జిల్లా, కుడిగట్టు ఆంధ్రప్రదేశ్‌లోని పల్నాడు జిల్లా. కుడిగట్టున ఉన్న విజయపురి సౌత్ నుంచి లాంచీలో ద్వీపానికి దాదాపు ముక్కాలు గంట ప్రయాణం. ఈ ముక్కాలు గంటను కబుర్లతో గడిపివేయరాదు. మన కాళ్ల కింద, ఆ పచ్చని నీటి అడుగున, ఒకప్పుడు ఒక రాజధాని ఉండేది.

శాతవాహనుల అనంతరం క్రీ.శ. మూడవ శతాబ్దంలో ఇక్ష్వాకులు ఈ ప్రాంతాన్ని పాలించారు. వారి రాజధాని విజయపురి. మూడు వైపులా నల్లమల కొండలు, నాలుగవ వైపు కృష్ణానది దానికి పెట్టనికోటలు. వంశస్థాపకుడైన వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు అశ్వమేధయాగం చేసిన వైదిక మతాభిమాని. అతని సోదరి శాంతిశ్రీ బౌద్ధాభిమాని. మేనల్లుడూ, తరువాత అల్లుడూ అయిన వీరపురుషదత్తుని ఆరవ పాలనా సంవత్సరంలో ఆమె ఇక్కడి మహాచైత్యాన్ని నిర్మింపజేసింది. రాజు యజ్ఞం చేస్తుంటే అదే ఇంటి ఆడపడుచు స్తూపం కట్టించింది. ఒకే కుటుంబంలో రెండు మతాలు ఇంత సహజంగా ఒదిగి ఉండటం మన చరిత్ర పుస్తకాలు పదేపదే చెప్పవలసిన విషయమని నా అభిప్రాయం.

మహాచైత్యపు నిర్మాణంలో ఒక విశేషమున్నది. పైనుంచి చూస్తే దాని పునాది బండిచక్రం వలె కనిపిస్తుంది. నడుమ కుండ, దాని నుంచి ఆకులు, చుట్టూ అంచు. ఈ గోడలను ఇటుకతో కట్టి నడిమి ఖాళీలను మట్టితో నింపారు. ఇటుక ఆదా అయింది, కట్టడానికి బలం వచ్చింది, బుద్ధుని ధర్మచక్రమూ గుర్తుకు వచ్చింది. నాలుగు దిక్కులా ఐదేసి ఆయక స్తంభాలను నిలిపారు. బుద్ధుని జీవితంలోని ఐదు ప్రధాన ఘట్టాలకు అవి ప్రతీకలు.

ఉపాసిక బోధిశ్రీ వేయించిన శాసనం మరొకటి చూడదగినది. సింహళం నుంచి వచ్చిన భిక్షువుల కోసం ఇక్కడ ప్రత్యేకంగా విహారం ఉండేదని దానివల్ల తెలుస్తున్నది. కాశ్మీరం, గాంధారం, చీనా, వంగం, వనవాసి, యవన, ద్రమిళ దేశాల పేర్లు అందులో వరుసగా ఉన్నాయి. రోమను బంగారు నాణేలు కూడా ఈ లోయలో దొరికాయి. పల్నాటి రాళ్ల నడుమ ఉన్న ఈ ఊరు ప్రపంచానికి ఎంత దగ్గరగా ఉండేదో ఊహించవచ్చు. ఈ కొండతో ముడిపడిన పేరు ఆచార్య నాగార్జునునిది. శూన్యవాదాన్ని ప్రతిపాదించిన ఆ తాత్త్వికుణ్ణి జపాను బౌద్ధులు ‘ర్యూజు’ అని పిలుస్తారు. తమ ఎనిమిది శాఖలకు మూలపురుషునిగా గౌరవిస్తారు.

ఇంతటి నగరం శతాబ్దాలపాటు పొదల్లో మరుగున పడి ఉండిపోయింది. 1926లో మాచర్లకు చెందిన సూరపరాజు వెంకటరామయ్య అనే పాఠశాల ఉపాధ్యాయుడు ఇక్కడొక ప్రాచీన స్తంభాన్ని చూసి ప్రభుత్వానికి తెలియజేశారు. బడి గంట కొట్టగానే ఇంటిదారి పట్టక, రాతి స్తంభం ముందు ఆగిన ఆ మనిషికి మనం ఋణపడి ఉన్నాము. 1927 నుంచి 1931 వరకు లాంగ్‌హర్స్ట్, 1938లో టి.ఎన్. రామచంద్రన్ ఇక్కడ తవ్వకాలు జరిపించారు. మహాచైత్యపు లోపలి గదులలో ఒకదానిలో బంగారు భరిణలో ఉంచిన చిన్న ఎముక ముక్క బయల్పడింది.

ఇక అసలు చిక్కు వచ్చింది. కరువు సీమలకు నీరు కావాలి. 1955 డిసెంబరు 10న ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ నాగార్జునసాగరు ఆనకట్టకు శంకుస్థాపన చేశారు. ఆనకట్ట పూర్తయితే లోయ మొత్తం మునుగుతుంది. చరిత్ర కావాలా, పంట కావాలా అన్న ప్రశ్నకు ఇద్దరినీ తృప్తిపరచే సమాధానం లేదు. 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో పురావస్తు శాఖ కాలంతో పోటీపడి లోయను తవ్వింది. పాతరాతియుగపు పనిముట్ల నుంచి మధ్యయుగపు కోటగోడల వరకు బయటపడ్డాయి. ముఖ్యమైన కట్టడాలను విప్పి, కొన్నింటిని కొండమీద, కొన్నింటిని ఒడ్డున ఉన్న అనుపులో తిరిగి కట్టారు. ఈజిప్టులో నైలునది ముంపు నుంచి అబూసింబెల్ ఆలయాలను 1964-68 మధ్య తరలించిన సంగతి లోకమంతటికీ తెలుసు. అంతకు ముందే మనవాళ్లు ఇక్కడ ఆ పనికి పూనుకున్నారన్నది తెలిసినవారు తక్కువ.

1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడుదల చేశారు. కుడికాలువకు జవహర్, ఎడమకాలువకు లాల్‌బహదూర్ అని పేర్లు. నల్గొండ, ఖమ్మం, కృష్ణా, గుంటూరు, ప్రకాశం జిల్లాల మెట్టపొలాలలో వరి పండింది. లోయలోని పుల్లారెడ్డిగూడెం వంటి పల్లెలు మాత్రం నీటిలో కలిసిపోయాయి. ఇటుకలకు కొండమీద చోటు దొరికింది. మనుషులు ఎవరి దారిన వారు పోయారు.

మన ప్రాంతపు విద్యార్థికి ఈ మాట కొత్తది కాదు. శ్రీపాద ఎల్లంపల్లి జలాశయం కోసం గోదావరి ఒడ్డున గ్రామాలు ఖాళీ అయ్యాయి. ఉపరితల గనుల కోసం ఊళ్లు కదిలాయి. శాతవాహనుల నాణేలు దొరికిన కోటిలింగాల కూడా ఎల్లంపల్లి ముంపు గ్రామమే. ధూళికట్ట స్తూపం మనకు అందుబాటులోనే ఉన్నది. నాగార్జునకొండకు వెళ్లేముందు ఈ రెండింటినీ చూసి వెళితే అక్కడి రాళ్లు మరింత స్పష్టంగా మాట్లాడతాయి.

లాంచీ దిగగానే మెట్లెక్కి కొండమీదికి చేరుతాము. తిరిగి కట్టిన మహాచైత్యం, సింహళ విహారం, స్నానఘట్టం, బృహచ్ఛిలా సమాధి వరుసగా కనిపిస్తాయి. 1966లో ఏర్పడిన మ్యూజియంలో లేత ఆకుపచ్చ సున్నపురాతిపై చెక్కిన జాతక కథలు, నిలువెత్తును మించిన బుద్ధవిగ్రహం ఉన్నాయి. అక్కడ తప్పక ఆగి చూడవలసినది మునిగిన లోయ నమూనా. మనం ఇంతకు ముందు ఏ వీధుల మీదుగా లాంచీలో వచ్చామో అప్పుడు గాని అర్థం కాదు. ఛాయాస్తంభాలను కూడా చూడాలి. మరణించిన రాజుకే గాక సైనికులకూ, చేతిపనివారికీ స్మారకంగా స్తంభాలు నిలిపిన కాలమది.

అనుపులోని రంగస్థలం వేరొక అనుభవం. నడుమ చదునైన నేల, నాలుగు వైపులా మెట్ల వరుసలు. మధ్యలో నిలిచి మెల్లగా మాట్లాడినా పైమెట్టు మీది మిత్రునికి వినిపిస్తుంది. మైకులు లేని కాలంలో అక్కడ జనసమూహం కూర్చుని ఏమి విన్నదో చెప్పగల శాసనమేదీ మనకు లేదు. సమయముంటే ఎత్తిపోతల జలపాతం కూడా దగ్గరలోనే ఉన్నది. వానలు పడ్డాకనే దాని అందం.

జలాశయంలో నీరు తగ్గినప్పుడు లాంచీలు నడవకపోవచ్చు. బయలుదేరే ముందు విచారించుకోవడం మంచిది. మ్యూజియానికి శుక్రవారం సెలవు.