పెల్టియర్ పలక లెక్క: 190 వాట్లకు 11 డిగ్రీలు

మే నెలలో రామగుండంలో ఎండ 45 డిగ్రీలు దాటడం కొత్త సంగతేమీ కాదు. పక్కనే గోదావరిఖనిలో బొగ్గుగని కార్మికుల క్వార్టర్ గది మధ్యాహ్నానికి 38 డిగ్రీలకు తేలిగ్గా చేరుతుంది. అలాంటి గదిలో ప్రాసెసర్‌ను ఓవర్‌క్లాక్ చేయాలని, అంటే మామూలు వేగం కంటే ఎక్కువగా తోలాలని, సరదా పడే కుర్రాళ్లకు ఏదో ఒక వీడియోలో పెల్టియర్ పలక కనిపిస్తుంది. నాలుగు సెంటీమీటర్ల చదరం, నాలుగు మిల్లీమీటర్ల మందం, రెండు వైపులా తెల్లటి సిరామిక్, ఒక ఎర్ర తీగ, ఒక నల్ల తీగ. కరెంటిస్తే ఒక ముఖం గడ్డకట్టేంత చల్లబడుతుంది, రెండోది కాలిపోతుంది. హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీకి వెళ్తే రెండు మూడు వందలకు వస్తుంది. ఇంత చవకగా దొరికే చలిని ప్రాసెసర్ నెత్తిన ఎందుకు పెట్టకూడదు? పెట్టవచ్చు. కాకపోతే ముందు కాగితం, పెన్ను తీసుకోవాలి.

1834లో ఫ్రాన్స్‌కు చెందిన జాన్ పెల్టియర్ ఈ గుణాన్ని గమనించాడు. రెండు వేర్వేరు లోహాల అతుకు గుండా కరెంటు పంపితే అతుకు చల్లబడుతుంది, కరెంటు దిశ మారిస్తే వేడెక్కుతుంది. 1838లో భౌతిక శాస్త్రవేత్త లెంజ్ అలాంటి అతుకు మీద నీటిబొట్టును గడ్డ కట్టించి, మళ్లీ కరిగించి చూపాడు. ఇప్పటి పలకలో లోహాలకు బదులు బిస్మత్ టెల్యురైడ్ ముక్కలు ఉంటాయి. ఎక్కువగా అమ్ముడుపోయే టీఈసీ1-12706 పేరులోనే దాని జాతకం ఉంది: 127 జతల ముక్కలు, గరిష్ఠంగా 6 ఆంపియర్లు.

దుకాణంవాళ్లు రెండు అంకెలు చెబుతారు. 50 చిల్లర వాట్ల వేడిని లాగుతుందని ఒకటి, రెండు ముఖాల మధ్య 66 డిగ్రీలకు పైగా తేడా తెస్తుందని ఇంకొకటి. రెండూ నిజమే, కానీ రెండూ ఒకేసారి జరగవు. బొగ్గుబాయిలో నీళ్లు తోడే పంపు సంగతి తెలిసినవాళ్లకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు: ఎత్తు పెరిగిన కొద్దీ పడే నీళ్లు తగ్గుతాయి, ఒక ఎత్తు దాటితే చుక్క పడదు. పలకలో ఎత్తు అంటే రెండు ముఖాల మధ్య డిగ్రీల తేడా, నీళ్లంటే వాట్లు.

12706 లోపల మూడు పనులు ఒకేసారి జరుగుతుంటాయి. గది వేడి దగ్గర ఒక్కో ఆంపియర్‌కు సుమారు 15 వాట్ల వేడిని చల్లని ముఖం నుంచి లాగుతుంది. పలక నిరోధం దాదాపు 2 ఓములు కాబట్టి సొంతంగా పుట్టే వేడి కరెంటు వర్గంతో పెరుగుతుంది, అందులో సగం చల్లని వైపుకే వస్తుంది. పైగా రెండు ముఖాల మధ్య ప్రతి డిగ్రీ తేడాకు అర వాట్ చొప్పున వేడి వెనక్కి కారుతుంది.

రెండు ముఖాలూ ఒకే వేడిలో ఉన్నాయనుకుని వేసి చూడండి. 6 ఆంపియర్ల దగ్గర 90 వాట్లు లాగి, 36 పోగొట్టుకుంటుంది. మిగిలేది 54, దానికి తినే కరెంటు 72 వాట్లు. అదే పలకకు 2 ఆంపియర్లే ఇస్తే 30లో 4 పోయి 26 వాట్లు లాగుతుంది, తినేది 8 వాట్లే. అంటే మూడు పలకలను వరుసగా కలిపి 12 వోల్టులకు తగిలిస్తే 24 వాట్లతో 78 వాట్ల వేడి కదులుతుంది. ఒక్క పలకను పీకల దాకా తోలినదాని కంటే ఎక్కువ పని, మూడో వంతు ఖర్చు. ఈ రంగంలో కొత్తగా అడుగుపెట్టేవాళ్లు ముందు నేర్చుకోవాల్సింది ఇదేనని నా అభిప్రాయం. చాలామంది మాత్రం ఒకే పలక కొని ఫుల్ వోల్టేజీ ఇచ్చి చేతులు కాల్చుకుంటారు.

ఇక ప్రాసెసర్ వైపు చూద్దాం. అది తినే కరెంటు వేగంతోనూ, వోల్టేజీ వర్గంతోనూ పెరుగుతుంది. 4 గిగాహెర్ట్జ్ దగ్గర 1.2 వోల్టులతో 100 వాట్లు తినే చిప్‌ను 4.6కి లేపి, నిలబడ్డానికి 1.35 వోల్టులిచ్చామనుకోండి. వేగం 15 శాతం పెరిగింది, వేడి 45 శాతం పెరిగి 145 వాట్లయింది.

ఈ 145 వాట్లను మంచి లిక్విడ్ కూలర్‌కు అప్పగిద్దాం. వాట్‌కు 0.1 డిగ్రీ చొప్పున వేడెక్కే రేడియేటర్ అనుకుంటే, 38 డిగ్రీల గదిలో ప్రాసెసర్‌కు ఆనే కూలర్ ముఖం 52.5 దగ్గర ఆగుతుంది. చిప్ లోపలి వేడి దీనికి పైన ఎలాగూ ఉంటుంది, రెండు పద్ధతుల్లోనూ అది ఒకటే కనుక పక్కన పెడదాం.

మధ్యలో పెల్టియర్ పెడితే? రేడియేటర్ ఇప్పుడు చిప్ వేడితో పాటు పెల్టియర్ తిన్న కరెంటును కూడా మోయాలి. 145 వాట్లను 30 డిగ్రీల తేడాతో లాగాలంటే 4 ఆంపియర్ల మీద నడిచే 12706లు ఐదు కావాలి, అవి తినేది 190 వాట్లు. రేడియేటర్ మీద మొత్తం 335 వాట్లు పడి, వేడి ముఖం 71.5కి ఎక్కుతుంది. అందులోంచి 30 తీస్తే చల్లని ముఖం 41.5. అంటే 190 వాట్లు ధారపోసి సంపాదించింది 11 డిగ్రీలు! ఐదు పలకలు నాలుగు సెంటీమీటర్ల ప్రాసెసర్ మీద పట్టవు కాబట్టి మధ్యలో రాగి దిమ్మె వేయాలి, అక్కడ ఇంకొన్ని డిగ్రీలు పోతాయి.

ఆ 190 వాట్లు రోజుకు నాలుగు గంటలు నడిస్తే నెలకు దాదాపు 23 యూనిట్లు. థర్మల్ కేంద్రంలో యూనిట్‌కు సుమారు 0.7 కిలో బొగ్గు అనుకుంటే, నెలకు 16 కిలోలు. మన బొగ్గు ఊళ్లో బొగ్గు లెక్క చెప్పకుండా కరెంటు లెక్క పూర్తికాదు.

అసలు ప్రమాదం గేమ్ నడుస్తున్నప్పుడు కాదు, ఆపి టీకి వెళ్లినప్పుడు వస్తుంది. చిప్ 15 వాట్లకు దిగిపోతుంది, పలకలు మాత్రం అదే 4 ఆంపియర్లు మింగుతుంటాయి. లెక్క వేస్తే చల్లని ముఖం సున్నాకు ఐదారు డిగ్రీల కిందికి జారుతుంది. గాలిలోని తేమ ఎన్ని డిగ్రీల దగ్గర నీళ్లవుతుందో దాన్ని మంచు బిందువు అంటారు. 45 డిగ్రీల ఎండలో తేమ 20 శాతం ఉంటే అది 17 డిగ్రీలు. ఎయిర్ కూలర్ వేసి గదిని 32 డిగ్రీలకు, 70 శాతం తేమకు తెచ్చుకుంటే అదే దాదాపు 26కి చేరుతుంది. వానాకాలంలో కూలర్ లేకున్నా అంతే. అంటే మనిషికి హాయినిచ్చే కూలరే బోర్డు మీద నీళ్లు పట్టడానికి దారి తీస్తుంది. ఓపెన్‌కాస్ట్ గనుల దుమ్ము పేరుకున్న సాకెట్ చుట్టూ ఆ నీళ్లు చేరితే షార్ట్ కావడానికి ఎంతోసేపు పట్టదు.

ఇంకో పక్క, పలకల సప్లై పోయి కంప్యూటర్ నడుస్తూ ఉంటే? ఐదు పలకలూ కలిసి డిగ్రీకి రెండున్నర వాట్లే దాటనిస్తాయి. 145 వాట్లు దాటాలంటే 58 డిగ్రీల తేడా కావాలి. 52.5కు 58 కలిపితే 110 దాటుతుంది. చాలా ప్రాసెసర్లు 100 దగ్గరే వేగం తగ్గించుకుంటాయి, ఇంకా ఎక్కితే ఆగిపోతాయి.

మరి ఒకప్పుడు పెల్టియర్‌తో ఓవర్‌క్లాక్ చేసినవాళ్లంతా అమాయకులా? కాదు. 1998లో వచ్చిన ఇంటెల్ సెలెరాన్ 300ఏను బస్ వేగం 66 నుంచి 100 మెగాహెర్ట్జ్‌కు మార్చి 450 దాకా తోలేవారు. దాని వేడి మామూలుగా 20 వాట్లకు అటూ ఇటూ. అంత వేడికి ఒకటి రెండు పలకలు సరిపోయేవి. పలక పెద్దగా మారలేదు, ప్రాసెసర్ మారింది. 2020లో వచ్చిన ఐ9-10900కె కాసేపైతే 250 వాట్ల దాకా తినగలదు. అదే ఏడాది ఇంటెల్ స్వయంగా క్రయో కూలింగ్ పేరుతో పెల్టియర్‌ను మళ్లీ తెచ్చింది. కూలర్ మాస్టర్, ఈకే కంపెనీలు 200 వాట్ల దాకా తినే కూలర్లు చేశాయి. తేమను కొలిచి, మంచు బిందువు కిందికి జారకుండా కరెంటు తగ్గించే సాఫ్ట్‌వేర్ కూడా ఇచ్చారు. 2023లో ఇంటెల్ దాన్ని ఆపేసింది.

అయినా చెయ్యి ఊరుకోదంటారా, చిన్నగా మొదలుపెట్టండి. ఒక 12706, పాత ప్రాసెసర్ మీది హీట్‌సింక్, ఫ్యాన్, థర్మల్ పేస్ట్, 12 వోల్టుల ఎస్‌ఎంపీఎస్, మల్టీమీటర్, రెండు థర్మామీటర్ ప్రోబ్‌లు చాలు. హీట్‌సింక్ బిగించకుండా క్షణం కూడా కరెంటివ్వకండి, లోపలి టంకం కరిగిపోవచ్చు. ఏ ముఖం చల్లబడుతుందో హీట్‌సింక్ బిగించాకే తక్కువ వోల్టేజీతో చూసుకుని గుర్తు పెట్టుకోండి. చల్లని ముఖానికి ముందు పది వాట్ల లోపు బోర్డు ఏదైనా తగిలించి 4, 8, 12 వోల్టుల దగ్గర రెండు ముఖాల వేడినీ రాసుకోండి. 8 దాటాక లాభం ఎంత తగ్గుతుందో మీ అంకెలే చెబుతాయి.

గేమింగ్ ప్రాసెసర్‌కు మాత్రం నా సలహా వేరు. వోల్టేజీని 1.35 నుంచి 1.25కు దించి చిప్ నిలబడుతుందేమో చూడండి, నిలబడితే 145 వాట్లు 124 అవుతాయి, పైసా ఖర్చు లేదు. రేడియేటర్ రెక్కల్లోని దుమ్మును నెలకోసారి ఊదేయండి. ఇంకా డబ్బుంటే ఏసీ పెట్టించుకోండి. గది 38 నుంచి 27కు దిగితే ప్రాసెసర్ కూడా అదే 11 డిగ్రీలు దిగుతుంది, పక్కన కూర్చున్న మీరూ చల్లబడతారు.