ల్యాప్‌టాప్ ఎన్నికలో వాట్ల లెక్క

ఇంటర్మీడియట్ ముగించి కళాశాలలో చేరు విద్యార్థికి నేడు పుస్తకములతోపాటు ల్యాప్‌టాప్ కంప్యూటరు కూడ అవసరమగుచున్నది. మధ్యతరగతి కుటుంబమునకు ఇది చిన్న ఖర్చు కాదు. ఒకసారి కొన్నచో మూడు నాలుగు సంవత్సరములు దానితోనే గడపవలెను. విద్యార్థి కోరునవి నాలుగు: సంచిలో తేలికగా ఉండవలెను, రోజంతయు బ్యాటరీ రావలెను, చదువుకే గాక ఆటలకును వేగము చాలవలెను, వెల తక్కువగా ఉండవలెను. ప్రకటనలను చూచినచో ఈ నాలుగును ఒకే యంత్రములో ఉన్నట్లు తోచును. నిజమునకు ఇవి ఒకదానితో ఒకటి పోటీపడు గుణములు. ఈ పోటీకి కారణము వ్యాపార రహస్యమేమియు కాదు. పాఠశాలలో చదువు విద్యుత్ సామర్థ్యము, ఉష్ణము అను పాఠములలోనే అది ఉన్నది.

సంచిలోనికి చేరిన యంత్రము

1981లో అమెరికాలో అమ్మకమునకు వచ్చిన ఆస్‌బార్న్ 1 అను కంప్యూటరు చేత పట్టుకొని పోదగినదని పేరు తెచ్చుకొన్నది. దాని బరువు సుమారు 11 కిలోగ్రాములు. తెర మూలనుండి మూలకు 5 అంగుళములు మాత్రమే. మరుసటి యేడు, అనగా 1982లో, వచ్చిన గ్రిడ్ కంపాస్ అను యంత్రము పుస్తకమువలె మూసి తెరచు ఆకారమును తెచ్చినది. 1991లో సోనీ సంస్థ లిథియమ్-అయాన్ బ్యాటరీలను విపణిలో ప్రవేశపెట్టిన పిమ్మట తక్కువ బరువులో ఎక్కువ శక్తిని నిలువచేయుటకు వీలు కలిగినది. నేడు 1.2 కిలోగ్రాముల ల్యాప్‌టాపులు లభించుచున్నవి, 2.5 కిలోగ్రాములవియు లభించుచున్నవి. రెండును ఒకే జాతి యంత్రములైనను బరువులో ఇంత భేదమెందుకు?

విద్యుత్తు వేడిగా మారును

ల్యాప్‌టాప్ వాడుకొను విద్యుత్తులో వెలుగుగా, ధ్వనిగా బయటికి పోవు భాగము స్వల్పము. మిగిలినదంతయు తుదకు ఉష్ణముగా మారును. వ్యాసము వ్రాయునపుడు తేలికపాటి ల్యాప్‌టాప్ సుమారు 10 వాట్లతో సరిపెట్టుకొనును. దృశ్యములు క్షణక్షణము మారు ఆటలాడునపుడు ప్రాసెసరు, గ్రాఫిక్స్ చిప్ రెండును కలిసి 100 వాట్లకు మించి వాడుకొనుట సాధారణము. పూర్వము ఇండ్లలో వాడిన 100 వాట్ల తీగ బల్బును ముట్టుకొనినచో ఎట్లుండునో పెద్దలకు తెలియును. అట్టి బల్బును రెండు వేళ్ళ మందము గల పెట్టెలో ఉంచి, దానిపై చేతులుంచి పనిచేయుట వంటిదే ఇది.

ఈ వేడిని తరలించుటకు లోపల రాగి గొట్టములుండును. గొట్టములోని కొద్దిపాటి ద్రవము చిప్ వద్ద ఆవిరియై, రెండవ కొనవద్ద చల్లబడి మరల ద్రవమగును. ఆ కొనవద్దనున్న పలుచని లోహపు రేకుల మధ్యగా పంకా గాలిని వీచును. వేడి ఎక్కువైన కొలది రేకులు పెద్దవిగా, పంకాలు బలమైనవిగా ఉండవలెను. కనుక ఆటల ల్యాప్‌టాప్ బరువులో కొంతభాగము లెక్కలు చేయు భాగముల బరువు కాదు, వేడిని మోయు పరికరముల బరువు. దానికి తోడు 200 వాట్లకు పైబడిన చార్జరు ఒక్కటియే అరకిలోకు మించి తూగును.

పేరు ఒకటే, వేగము వేరు

కొనువారు తరచుగా మోసపోవు చోటు ఇది. 2023లో ఎన్విడియా సంస్థ విడుదల చేసిన ల్యాప్‌టాప్ ఆర్‌టిఎక్స్ 4060 గ్రాఫిక్స్ చిప్‌ను ఉదాహరణగా తీసికొనవచ్చును. ఆ చిప్‌ను 35 వాట్లనుండి 115 వాట్ల వరకు ఏ మట్టమున నడుపవలెనో ల్యాప్‌టాప్ తయారుచేయు సంస్థయే నిర్ణయించుకొనును. పలుచని యంత్రములో అది తక్కువ వాట్లతోను, మందమైన యంత్రములో ఎక్కువ వాట్లతోను నడచును. పైపెట్టెమీద పేరు మాత్రము రెండింటికిని ఒకటే. ప్రాసెసర్లలోను ఇదే పద్ధతి. ఇంటెల్ సంస్థవారి ఐ5-1335యు ప్రాసెసరుకు మూల సామర్థ్యము 15 వాట్లు. ఐ5-13500హెచ్ ప్రాసెసరుకు 45 వాట్లు. చివరి అక్షరమును గమనింపనివారికి రెండును ఐ5 లే.

అయితే వాట్లు మూడింతలైనచో వేగము మూడింతలు కాదు. చిప్ వాడుకొను సామర్థ్యము దాని పౌనఃపున్యమును బట్టియు, వోల్టేజి వర్గమును బట్టియు మారును. వేగమును 20 శాతము పెంచుటకు వోల్టేజిని 10 శాతము పెంచవలసివచ్చినదనుకొన్నచో, సామర్థ్యము 1.2 × 1.1 × 1.1, అనగా సుమారు 1.45 రెట్లగును. ఇరువది శాతము లాభమునకు నలువదియైదు శాతము వ్యయము! చివరి కొద్దిపాటి వేగమే మిక్కిలి ఖరీదైనది. మధ్యరకపు వాట్లతో నడచు యంత్రము చాలమందికి చాలునని చెప్పుటకు ఈ లెక్కయే ఆధారము.

బ్యాటరీ ఎంతసేపు వచ్చును?

బ్యాటరీలోని శక్తిని వాట్-గంటలలో కొలుతురు. 60 వాట్-గంటల బ్యాటరీ, 10 వాట్ల పనికి 6 గంటలు వచ్చును. 100 వాట్ల ఆటకు 36 నిమిషములే. ఇంకను పెద్ద బ్యాటరీ పెట్టరాదా యని ప్రశ్న కలుగవచ్చును. 100 వాట్-గంటలకు మించిన బ్యాటరీని విమానములో తీసికొనిపోవుటకు విమానసంస్థ అనుమతి కావలెను. అందువలన పెద్ద ల్యాప్‌టాపుల బ్యాటరీలు కూడ సామాన్యముగా ఆ హద్దుకు కొంచెము లోపలనే ఆగిపోవును. ఆ హద్దునందున్న బ్యాటరీయైనను 100 వాట్ల ఆటకు ఒక్క గంటయే. కావుననే పెక్కు ల్యాప్‌టాపులు బ్యాటరీపై ఉన్నప్పుడు ఆట వేగమును తమంతట తామే తగ్గించుకొనును. గోడకు తగిలించి ఆడుకొనవలసినదే గాని, చెట్టు నీడన కూర్చుండి గంటల తరబడి ఆడుకొను సాధనము కాదిది.

వేసవిలో ఏమగును?

చిప్‌లు సుమారు 100 డిగ్రీల సెల్సియస్ వద్ద తమ వేగమును తగ్గించుకొని ఆత్మరక్షణ చేసికొనును. వేడి బయటికి పోవు వేగము, చిప్‌కును గదిలోని గాలికిని మధ్యనున్న ఉష్ణోగ్రతా భేదముపై ఆధారపడును. గది 25 డిగ్రీలైనపుడు భేదము 75. మే నెలలో రెంటచింతలలోనో రామగుండములోనో పైకప్పు కాగిన గది 42 డిగ్రీలైనచో భేదము 58 మాత్రమే. 58ని 75తో భాగించినచో సుమారు 0.77. అనగా అదే పంకా అదే వేగముతో తిరిగినను బయటికి పోవు వేడి నాలుగింట మూడు వంతులకు దగ్గరగా పడిపోవును. చల్లని గదిలో పరీక్షించి ప్రకటించిన వేగము మన వేసవిలో దక్కకపోవుటకు కారణమిదే. పరుపుమీదను, దిండుమీదను ఉంచి వాడినచో అడుగునగల గాలి రంధ్రములు మూసుకొనిపోయి నష్టము హెచ్చును. ఎడతెగని వేడిమి బ్యాటరీ ఆయువును కూడ తగ్గించును.

తెర, జ్ఞాపకశక్తి

తెరపై బిందువులు హెచ్చిన కొలది గ్రాఫిక్స్ చిప్‌కు పని హెచ్చును. 1920 × 1080 తెరలో 20,73,600 బిందువులు. 3840 × 2160 తెరలో 82,94,400, అనగా సరిగా నాలుగింతలు. సెకనుకు 60 చిత్రములు చూపవలెనన్నచో ఒక్కొక్క చిత్రమునకు 16.7 మిల్లీసెకనులు గడువుండును. 144 చిత్రములకు 6.9 మిల్లీసెకనులే. మధ్యరకపు చిప్‌కు మిక్కిలి సూక్ష్మమైన తెరను జతచేయుట చిన్న ఎద్దుకు పెద్ద బండి కట్టుట వంటిది.

తాత్కాలిక జ్ఞాపకము, అనగా ర్యామ్, 16 గిగాబైట్లున్నచో విద్యార్థి పనికిని, ఆటలకును సామాన్యముగా చాలును. పలుచని యంత్రములు పెక్కింటిలో ర్యామ్‌ను పలకకే అతికించివేయుదురు. పిమ్మట పెంచుటకు వీలుండదు. అట్టిదానిని 8 గిగాబైట్లతో కొనుట దూరదృష్టి కాదు.

ఎవరికి ఏది?

బి.ఏ., బి.కాం. చదువువారికిని, పెక్కుమంది బి.ఎస్‌సి. విద్యార్థులకును ప్రత్యేక గ్రాఫిక్స్ చిప్ అక్కరలేదు. ప్రాసెసరులోనే ఇమిడియున్న గ్రాఫిక్స్ విభాగము తేలికపాటి ఆటలను నడుపగలదు. ఇట్టివారికి 1.5 కిలోగ్రాములకు లోబడిన, చిన్న చార్జరు గల యంత్రము మేలు. 2020 నవంబరులో ఆపిల్ సంస్థ ఎమ్1 చిప్‌తో తెచ్చిన మాక్‌బుక్ ఎయిర్‌లో పంకాయే లేదు; తక్కువ వాట్లతో ఎంత పని సాధింపవచ్చునో అది చూపినది. కాని విండోస్ కొరకు వ్రాసిన ఆటలలోను, ఇంజనీరింగు సాధనములలోను కొన్ని దానిపై నడువవు.

త్రిపరిమాణ చిత్రణ నేర్చు ఇంజనీరింగు విద్యార్థికి మధ్యరకపు గ్రాఫిక్స్ చిప్ గల, 2 కిలోగ్రాములకు అటునిటుగా తూగు యంత్రము తగును. సాయంకాలము ఆటలును దానిపై సాగును. బరువైన ఆటల యంత్రము హాస్టలు గదిలో బల్లమీదనే ఉండువానికి తగును గాని, ప్రతిదినము బస్సులో సంచి మోయువానికి తగదు.

కొనుటకు ముందు కళాశాలవారు చెప్పు సాధనముల జాబితాను చూడవలెను. దుకాణములో నాలుగు ప్రశ్నలడుగవలెను: గ్రాఫిక్స్ చిప్‌కు ఎన్ని వాట్లు? బ్యాటరీ ఎన్ని వాట్-గంటలు? చార్జరుతో కలిపి బరువెంత? ర్యామ్ పెంచుటకు వీలున్నదా? తరగతిలో ఉపాధ్యాయులు ఈ లెక్కలనే విద్యార్థులచేత చేయింపవచ్చును. చార్జరుపై అచ్చువేసిన వోల్టులను ఆంపియర్లతో గుణించినచో ఆ యంత్రము ఎంత విద్యుత్తును కోరగలదో బాలురే కనిపెట్టుదురు. ఆ ఒక్క గుణకారము చేయగల విద్యార్థిని, పెట్టెమీది రంగుల పేర్లు మోసగింపజాలవు. ఇంటివారి కష్టార్జితమును వ్యర్థము చేయజాలవు.