వస్తానన్న రోజున వచ్చేవాళ్లు

తల్లిదండ్రులు, టీచర్లు కాక ఊళ్లోని మరో పెద్దమనిషి ఏడాదిపాటు తోడుంటే ఒక పిల్లవాడి జీవితంలో ఏం మారుతుంది? అమెరికాలో 1995లో వెలువడిన రెండు నివేదికలు ఇచ్చిన జవాబు మన వాలంటీర్లకూ పనికొస్తుంది.

ఇంటివాళ్లు కాని ఒక పెద్దమనిషి జీతభత్యాలు ఆశించకుండా ఒక అబ్బాయినో అమ్మాయినో క్రమం తప్పకుండా కలుస్తూ, ఎదిగే వయసులో అండగా నిలవడమే మెంటరింగ్. ఆ పెద్దమనిషిని మెంటార్ అంటారు. కార్యక్రమాన్ని నడిపేది స్థానిక సంస్థ, నిలబెట్టేది ఆ ఊరి వాలంటీర్లు. మెంటార్ ట్యూషన్ చెప్పనక్కర్లేదు, ఫీజులు కట్టనక్కర్లేదు. కలిసి నడవడం, ఆడుకోవడం, చెప్పింది ఓపిగ్గా వినడం, మళ్లీ ఫలానా రోజున వస్తానని చెప్పి ఆ రోజున రావడం అతని పని.

ఈ పద్ధతికి అమెరికాలో నూరేళ్లు దాటిన చరిత్ర ఉంది. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో న్యూయార్క్ బాలల కోర్టుకు వచ్చే ఆడపిల్లలకు కొందరు క్యాథలిక్ మహిళలు తోడు నిలిచారు. 1904లో అక్కడి బాలల కోర్టు క్లర్కు ఎర్నెస్ట్ కౌల్టర్, కేసుల్లో చిక్కుకున్న అబ్బాయిలకు ఒక్కొక్కరికీ ఒక్కో పెద్దదిక్కు కావాలని అడిగితే నలభై మంది దాకా ముందుకొచ్చారు. మగపిల్లల కోసం, ఆడపిల్లల కోసం విడివిడిగా పెరిగిన సంస్థలు 1977లో ఒక్కటై ‘బిగ్ బ్రదర్స్ బిగ్ సిస్టర్స్ ఆఫ్ అమెరికా’గా మారాయి.

లాటరీ తేల్చిన నిజం

మంచిపని ఫలితం ఇచ్చిందా లేదా అన్నది నమ్మకంతో తేలదు. ‘పబ్లిక్ ప్రైవేట్ వెంచర్స్’ అనే పరిశోధన సంస్థ 1992, 93లలో ఈ పరీక్షకు పూనుకుంది. ఎనిమిది నగరాల్లోని బిగ్ బ్రదర్స్ బిగ్ సిస్టర్స్ శాఖల్లో మెంటార్ కోసం దరఖాస్తు చేసుకున్న 10 నుంచి 16 ఏళ్ల పిల్లలను లాటరీ తరహాలో రెండు జట్లు చేసింది. ఒక జట్టుకు వెంటనే మెంటార్లను చూశారు. రెండో జట్టు ఏడాదిన్నర వేచి ఉంది. చివరికి 959 మంది వివరాలను పోల్చి చూసి 1995లో నివేదిక ఇచ్చారు.

మెంటార్ల జట్టులో మాదకద్రవ్యాలు మొదలుపెట్టే అవకాశం 46 శాతం, మద్యం మొదలుపెట్టే అవకాశం 27 శాతం తక్కువగా కనిపించింది. బడి ఎగ్గొట్టిన రోజులు సగానికి సగం తగ్గాయి. ఎవరినైనా కొట్టడం దాదాపు మూడో వంతు తగ్గింది. మార్కుల్లో తేడా మాత్రం స్వల్పమే. నెలకు సుమారు మూడుసార్లు, కలిసిన ప్రతిసారీ నాలుగు గంటల చొప్పున గడిపిన కాలానికి దక్కిన ఫలితం ఇది. ఆ గంటల్లో ఎక్కువ భాగం ఆటపాటలకూ కబుర్లకూ పోయింది. మత్తు జోలికి వెళ్లవద్దని పాఠం చెప్పే కార్యక్రమం కాకపోయినా మత్తు తగ్గింది.

82 జతల కథ

ఎందుకు తగ్గిందో తెలియాలంటే అదే ఏడాది వెలువడిన రెండో నివేదికను చదవాలి. లెక్కల నివేదికకు దక్కినంత పేరు దీనికి రాలేదు గానీ, వాలంటీర్ల చేతికి ముందుగా ఇవ్వాల్సింది దీన్నే. క్రిస్టీన్ మారో, మెలనీ స్టైల్స్ అనే పరిశోధకులు బిగ్ బ్రదర్స్ బిగ్ సిస్టర్స్‌లోని 82 జతలను ఎంచుకుని పెద్దలతోనూ పిల్లలతోనూ విడివిడిగా మాట్లాడారు. తొమ్మిది నెలల తర్వాత మళ్లీ వెళ్లి మాట్లాడారు.

వాలంటీర్లు రెండు తీరులవాళ్లని ఆ మాటల్లో తేలింది. మూడింట రెండు వంతుల మంది ముందు చనువు పెంచుకోవాలనుకున్నారు. ఎక్కడికెళ్దాం, ఏం చేద్దాం అన్నది పిల్లవాడినే అడిగారు. అతను ముభావంగా ఉంటే ఉండనిచ్చారు. చదువు సంగతి, ఇంటి సంగతి తొందరపడి కదపలేదు. నమ్మకం కుదిరాక పిల్లలే నోరు విప్పారు. అప్పుడు సలహా చెప్పే వీలు దానంతటదే వచ్చింది.

మిగిలిన మూడో వంతు వాలంటీర్లకూ పిల్లల మీద ప్రేమ లేకపోలేదు. అయితే వాళ్లు తొలిరోజు నుంచే పిల్లవాడిని బాగు చేయాలని బయల్దేరారు. మార్కులు పెరగాలి, ప్రవర్తన మారాలి అని లక్ష్యాలు తామే పెట్టారు, ఎంత వేగంగా సాగాలో తామే నిర్ణయించారు. కొందరైతే పిల్లవాడే ఫోన్ చేయాలని, తమతో సమానంగా చొరవ చూపాలని ఆశించి, అలా జరగకపోతే నొచ్చుకున్నారు. వీళ్ల దగ్గర పిల్లలకు ఊరట దొరకలేదు.

తొమ్మిది నెలల తర్వాత చూస్తే, మొదటి తీరు జతల్లో పదింట తొమ్మిది ఇంకా కలుస్తూనే ఉన్నాయి. రెండో తీరువి మూడింట ఒక వంతు మాత్రమే మిగిలాయి. తీర్చిదిద్దాలన్న తొందరే చాలా చోట్ల తోడు తెంపేసింది.

మధ్యలో వదిలేస్తే

తోడు ఎన్నాళ్లు నిలిచిందన్నది అన్నిటికంటే ముఖ్యం. జీన్ గ్రాస్‌మన్, జీన్ రోడ్స్ అనే పరిశోధకులు 2002లో ఆ లాటరీ పరీక్ష నాటి సమాచారాన్నే మళ్లీ పరిశీలించారు. ఏడాది, ఆపైన నిలిచిన జతల్లోని పిల్లలకు ఎక్కువ మేలు జరిగింది. మూడు నెలల్లోపే జత విడిపోయిన పిల్లల్లో తమ మీద తమకున్న గౌరవం తగ్గింది. చదవగలమన్న ధైర్యమూ సడలింది. అప్పటికే పెద్దలు చేయి వదిలేసిన అనుభవం ఉన్న పిల్లవాడికి ఇది మరో దెబ్బ. 26 నుంచి 30 ఏళ్ల మధ్య వయసున్న వివాహితుల జతలు త్వరగా ఆగిపోయే అవకాశం ఎక్కువని కూడా ఈ పరిశీలనలో తేలింది. ఉద్యోగం, కొత్త కాపురం, పసిపిల్లలు ఉన్నవాళ్లకు తీరిక దొరకదు. వాళ్లను తప్పు పట్టనక్కర్లేదు. చేరేముందే తీరిక సంగతి సూటిగా అడగాలి.

సంస్థ బాధ్యత

బిగ్ బ్రదర్స్ బిగ్ సిస్టర్స్‌లో వాలంటీరును ఇంటర్వ్యూ చేస్తారు, పోలీసు రికార్డు చూస్తారు, తెలిసినవాళ్లను విచారిస్తారు. తల్లి లేదా తండ్రి ఒప్పుకున్నాకే జత కలుపుతారు. తొలి ఏడాది సంస్థ ఉద్యోగి నెలనెలా వాళ్లతో మాట్లాడి, చిన్న చిక్కులను ముదరకముందే సరిచేస్తారు. వాలంటీరు ఊరికే చేస్తాడు గనుక కార్యక్రమానికి ఖర్చుండదనుకోవడం పొరపాటు. ఈ పర్యవేక్షణకు జీతమిచ్చి మనిషిని పెట్టాలి.

బాక్స్: బెడిసికొట్టిన సాయం

మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జ్, సోమర్‌విల్ పట్టణాల్లో 1939 నుంచి 1945 వరకు మరో ప్రయోగం జరిగింది. 506 మంది అబ్బాయిలను ఈడూజోడూ చూసి జంటలు చేసి, బొమ్మా బొరుసూ వేసి ప్రతి జంటలో ఒకరికి జీతం తీసుకునే కౌన్సెలర్ సాయం అందించారు. ముప్పై ఏళ్ల తర్వాత జోన్ మెకార్డ్ వాళ్ల ఆచూకీ తీసి 1978లో ఫలితాలు ప్రకటించారు. సాయం అందుకున్నవాళ్లలో మూడింట రెండు వంతుల మంది మేలు జరిగిందనే చెప్పారు. రికార్డులు మాత్రం మద్యపానం, మళ్లీ మళ్లీ నేరాలు వాళ్లలోనే ఎక్కువని చూపించాయి. కృతజ్ఞతను ఫలితంగా లెక్కేయకూడదని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

బాక్స్: మన దగ్గర

మన దేశంలో ఈ పద్ధతితో పనిచేస్తున్న సంస్థల్లో 2009లో బెంగళూరులో మొదలైన ‘మెంటార్ టుగెదర్’ ఒకటి. కాలేజీల్లో 1969 నుంచి ఉన్న జాతీయ సేవా పథకం (ఎన్‌ఎస్‌ఎస్)లో విద్యార్థి ఏటా 120 గంటల సేవ చేయాలి. బిగ్ బ్రదర్స్ జతలు నెలకు గడిపిన 12 గంటలను ఏడాదికి లెక్కేస్తే 144 గంటలు. రెంటికీ పెద్ద తేడా లేదు. పిల్లలతో పనిచేసేవాళ్లు పోక్సో చట్టం (2012) తెలుసుకుని ఉండాలి. పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసినవారు ఫిర్యాదు చేసి తీరాలని అది చెబుతోంది. ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098 నంబరు ఉంది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో సంక్షేమ హాస్టళ్లకు పుట్టినరోజు కేకులతో, నోటు పుస్తకాలతో వెళ్లి, ఫొటో దిగి వచ్చే మంచి మనసులకు కొదవ లేదు. ఆ మనసుకు క్రమం తోడైతే చాలు. హాస్టల్ వార్డెన్ అనుమతితో, పదిమందికీ తెలిసేలా, ఒక నమ్మకమైన సంస్థ ద్వారా ఒకే ఒక్క పిల్లవాడికి ఏడాది మాట ఇవ్వండి. ఏడాది ఇవ్వలేననుకుంటే ఆ మాట ఇవ్వకండి. నోటు పుస్తకాలు ఇచ్చి రండి, అదీ మంచిపనే.