ఒక మరణం, నాలుగు ఫైళ్లు

2025 జూలై రెండో వారంలో హైదరాబాద్‌లోని కూకట్‌పల్లి చుట్టుపక్కల కల్లు కాంపౌండ్లలో తాగినవాళ్లు వరసగా మంచాన పడ్డారు. వాంతులు, విరేచనాలు, బీపీ పడిపోవడం. పదుల సంఖ్యలో రోగులను పంజాగుట్ట నిమ్స్‌కు తరలించారు. కొందరికి కిడ్నీలు దెబ్బతిని డయాలసిస్ చేయాల్సి వచ్చింది, పలువురు చనిపోయారు. ఎక్సైజ్ శాఖ పరీక్షకు పంపిన కల్లులో ఆల్ప్రాజోలం బయటపడింది.

ఆల్ప్రాజోలం ఆందోళన తగ్గడానికి డాక్టరు రాసే మందు. తాటిచెట్టు కనిపించని నగరంలో గిరాకీకి సరిపడా కల్లు ఎక్కడిది? నీళ్లు, చక్కెర లేదా శాకరిన్ కలిపి, మత్తుకు ఈ పొడి చల్లుతారు. ఎంత పడిందో కలిపినవాడికే తెలియదు, తాగేవాడికి అసలే తెలియదు. డ్రగ్స్ మరణం అనగానే జనానికి పబ్బులు, గోవా పార్టీలు గుర్తొస్తాయి. 2022 మార్చిలో 23 ఏళ్ల ఇంజనీరింగ్ పట్టభద్రుడు చనిపోయినప్పుడు పోలీసులు దాన్ని నగరంలో తొలి ఓవర్‌డోస్ మరణంగా ప్రకటించారు. కల్లు సీసాలోంచి వచ్చే చావు ఆ లెక్కలోకి రావడమే కష్టం.

ఇలాంటి మరణం జరిగితే కేస్‌షీటు ఆసుపత్రిలో ఉంటుంది. పంచనామా పోలీస్‌స్టేషన్‌లో, విసెరా నివేదిక రెడ్‌హిల్స్ ఫోరెన్సిక్ ల్యాబ్‌లో, కల్లు నమూనా వివరాలు ఎక్సైజ్ శాఖ దగ్గర. మియాపూర్–ఎల్బీనగర్ మెట్రో ఎక్కితే కూకట్‌పల్లి, ఎర్రగడ్డ, అమీర్‌పేట, పంజాగుట్ట దాటి రెడ్‌హిల్స్ పక్కనున్న నాంపల్లి దాకా గంట కూడా పట్టదు. ఒకే లైను మీదున్న ఈ నాలుగు ఫైళ్లనూ ఒకచోట పెట్టి చదివే బాధ్యత మాత్రం ఎవరికీ అప్పజెప్పలేదు.

విడివిడిగా పనిచేస్తే ఏమవుతుందో ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం 2015లోనే చూసింది. ఆ ఏడాది కల్తీ కల్లు మీద దాడులు పెరిగి మత్తు సరుకు ఒక్కసారిగా ఆగిపోయింది. నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ పల్లెల్లో ఏళ్ల తరబడి దానికి అలవాటుపడిన ఒళ్లు తట్టుకోలేకపోయింది. చేతులు వణికాయి, ఫిట్స్ వచ్చాయి, లేని మనుషులు కళ్లముందు కనిపించారు. వందల మందిని ఎర్రగడ్డకు తీసుకొచ్చారు. కొందరు దక్కలేదు. ఆల్ప్రాజోలం తరహా మందులను డాక్టరు కనుసన్నల్లో కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ మాన్పించాలి. దాడులు మొదలయ్యే ముందే ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు కబురు అంది, మందులు సిద్ధంగా ఉంటే ఆ చికిత్స ఊళ్లోనే మొదలయ్యేది.

ఇలా విడిపోయిన ఫైళ్లను ఒకచోట పెట్టి చదవడానికే అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రం 2014లో చట్టం చేసింది. ఆరోగ్య శాఖ, పోలీసులు, ఆసుపత్రి, అంబులెన్సు సిబ్బంది, డీఅడిక్షన్ కేంద్రం అందరూ ఒక బల్ల దగ్గర కూర్చుని ఒక్కో ఓవర్‌డోస్ మరణాన్నీ వెనక్కి తిప్పి చూస్తారు. అక్కడ మాట్లాడుకున్నది గోప్యంగా ఉంటుంది. నేరం ఎవరిదన్నది వాళ్ల ప్రశ్న కాదు. చనిపోయిన మనిషి బతికుండగా ఎన్ని గుమ్మాలు తొక్కాడు, ఏ గుమ్మం దగ్గర చేయి అందలేదు అన్నదే ప్రశ్న.

ఈ పద్ధతి మనకు పరాయిది కాదు. బాలింత చనిపోతే మన దేశంలో 2010 నుంచి ఇలాంటి సమీక్షే ఉంది. సిబ్బంది ఇంటికి వెళ్లి అడుగుతారు: ఆసుపత్రికి బయల్దేరడంలో ఆలస్యమైందా, బండి దొరకలేదా, చేరాక చికిత్స అందలేదా? తర్వాత జిల్లా కలెక్టర్ ముందు ఆ మరణం చర్చకు వస్తుంది. బాలింత విషయంలో అడగగలిగిన ప్రశ్నలు మత్తుకు బలైన కూలీ విషయంలో ఎందుకు అడగకూడదు?

అడిగితే జవాబులు పేటపేటకూ మారతాయి. ప్రాణం నిలిపే నాలోక్సోన్ మందు హెరాయిన్, ట్రమడాల్ లాంటి నల్లమందు జాతి మత్తుకే పనిచేస్తుంది. ఆల్ప్రాజోలం మీద, పార్టీల్లో వాడే ఎండీఎంఏ మీద దాని ప్రభావం ఉండదు. అందుకే ఇక్కడ ఏ మత్తు ప్రాణం తీస్తోందో ముందు తేలాలి.

అమీర్‌పేటలో ఆ బల్ల వేస్తే హాస్టల్ వార్డెన్‌కూ, మెడికల్ షాపు యజమానికీ చోటుండాలి. కోచింగ్ కోసం ఊళ్ల నుంచి వచ్చిన వేలమంది పిల్లలు ఇక్కడ గదికి ముగ్గురు నలుగురు చొప్పున ఉంటారు. అర్ధరాత్రి ఒకడు విచిత్రంగా గురక పెడుతూ లేపినా లేవకపోతే పక్క మంచం వాడు ‘నిద్రపోనీలే’ అనుకుంటాడు. పెదవులు నీలం తిరిగితే భయపడతాడు, కానీ ఫోన్ చేస్తే పోలీసులొస్తారని వెనకాడతాడు. ఆ భయం పోగొట్టడానికే అమెరికాలో చాలా రాష్ట్రాలు సాయం కోసం ఫోన్ చేసినవాళ్లకు చట్టరక్షణ ఇచ్చాయి. 2007లో న్యూమెక్సికో మొదలుపెట్టింది. మన మాదకద్రవ్యాల (ఎన్‌డీపీఎస్) చట్టంలోని 64ఏ సెక్షన్ అంత దూరం పోదు. అయినా మత్తుకు బానిసై, తనంతట తాను గుర్తింపు ఉన్న కేంద్రంలో చికిత్సకు వచ్చినవాడికి, వాడకం లేదా కొద్ది పరిమాణం కేసుల్లో ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపు ఇస్తుంది.

మెస్ టైమింగ్స్ అంటించిన హాస్టల్ గోడ మీదే ఈ మినహాయింపు సంగతి రాసిపెట్టొచ్చు. దాని కింద రెండు నంబర్లు: ఊపిరి ఆడకపోతే 108, మానుకోవాలనుకుంటే 14446. అంబులెన్సు వచ్చేలోగా మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, వాంతి గొంతుకు అడ్డం పడకుండా.