తల ఊపినంత మాత్రాన ఒప్పుకున్నట్టేనా?

ఆందోళనతో బాధపడే ఒకాయనకు థెరపిస్టు ఓ పని అప్పజెప్పిందనుకుందాం: మనసులో మెదిలే భయాలను రోజూ నోటుబుక్కులో రాయాలి. "అలాగే మేడమ్" అని వెళ్లాడు. మరుసటి వారం పుస్తకం ఖాళీ. ఆపై వారం పావుగంట ఆలస్యం. అడిగితే ట్రాఫిక్ అన్నాడు.

బద్ధకమని సరిపెట్టుకోవచ్చు. కానీ న్యూయార్క్‌లో జెరెమీ సాఫ్రాన్, క్రిస్టఫర్ మురాన్ అనే మనస్తత్వవేత్తలు ఏళ్ల తరబడి ఇలాంటి ఘట్టాలనే పరిశీలించారు. చికిత్సా బంధం బీటలువారే తీరు వాళ్ల లెక్కలో రెండు రకాలు. కోపంగా ఎదురుతిరగడం ఒకటి, మర్యాదగా ముడుచుకుపోవడం రెండోది. పెద్దవాళ్ల మాటకు ఎదురు చెప్పకూడదని పెరిగిన మనలాంటి వాళ్లలో ఈ రెండోదాన్ని పసిగట్టడం మరీ కష్టమని నాకనిపిస్తుంది.

మన కథలో, ఆలస్యంగా వచ్చిన ఆ రోజు థెరపిస్టు పాఠం పక్కన పెట్టి, "ఈ రాసే పని మీకు నచ్చలేదేమో, నేనే తొందరపెట్టానా?" అని అడిగింది. కాసేపటికి ఆయన నోరు విప్పాడు. చిన్నప్పుడు నాన్న రోజూ నోటుబుక్కు తీయించి తప్పులు వెతికేవాడట. రాయించడం ఆలోచనలను సరిదిద్దే పద్ధతిలోది. పాత బంధాల నీడ వెతకడం ఫ్రాయిడ్ వారసులది. ఒకే గంటలో రెండూ పనికొచ్చాయి. ఇలా అవసరాన్ని బట్టి పద్ధతులను కలపడమే సమీకృత చికిత్స. ఫ్రాయిడ్ సంప్రదాయానికీ, అలవాట్లను మార్చే ప్రవర్తనా చికిత్సకూ పొత్తు కుదరదని చాలామంది నమ్మిన రోజుల్లో, 1977లో, పాల్ వాక్టెల్ వాటిని కలుపుతూ పుస్తకం రాశాడు.

బంధం అంటే ఆప్యాయత ఒక్కటే కాదు. 1979లో ఎడ్వర్డ్ బోర్డిన్ దాన్ని మూడుగా విడదీశాడు: ఏం సాధించాలన్న దానిపై ఒప్పందం, అందుకు ఏం చేయాలన్న దానిపై ఒప్పందం, పరస్పర నమ్మకం. మనవాడికి తెగింది రెండోది. 2018లో 295 అధ్యయనాలను గుదిగుచ్చి చూస్తే, రోగుల ఫలితాల మధ్య తేడాల్లో సుమారు 8 శాతం ఈ బంధంతో ముడిపడి ఉందని తేలింది. చిన్న అంకెలాగే ఉంటుంది గానీ, ఏ పద్ధతి చికిత్సలోనైనా ఇది కనిపిస్తోంది. కొంత తిరకాసూ లేకపోలేదు: ముందే కాస్త కుదుటపడినవారు థెరపిస్టును మెచ్చుకోవడం సహజమే కదా.

అలాగని పద్ధతి ఏదైనా ఒకటే అనే వాదన నాకు మింగుడుపడదు. మురికి భయంతో పదేపదే చేతులు కడిగే ఓసీడీ రోగిని ఎంత ఓపిగ్గా విన్నా, అది చాలదు. తలుపు గడియ పట్టుకుని, కడగకుండా ఆ దడను భరించే సాధన చేయించాలి. కాకపోతే నమ్మకం లేనివాళ్లు చెబితే ఆ గడియ ఎవరు ముట్టుకుంటారు?

అందుకే కొందరు థెరపిస్టులు ప్రతి సెషన్ చివర నాలుగు ప్రశ్నల కాగితం ఇచ్చి మార్కులు వేయమంటారు: మీ మాట విన్నానా, మీకు కావలసిన విషయమే మాట్లాడామా, పద్ధతి మీకు సరిపడిందా, మొత్తమ్మీద ఎలా ఉంది? మొహమాటంతో జనం మార్కులు ధారాళంగానే వేస్తారు. కాబట్టి ఒక్క మార్కు తగ్గినా, అనుభవమున్న థెరపిస్టు రోగిని పంపించేయకుండా ఆగి అడుగుతుంది.