స్టీరింగ్ కింద పదహారు రంధ్రాలు

డ్రైవరు సీట్లో కూర్చుని స్టీరింగ్ కింద, మోకాలికి కాస్త పైన, వేళ్లతో తడిమి చూడండి. ఒక ప్లాస్టిక్ సాకెట్టు తగులుతుంది. ఒక అంచు వెడల్పు, ఇంకో అంచు కురచ. ప్లగ్గును తిరగేసి దూర్చడానికి వీల్లేకుండా చేసిన ఆకారం అది. లోపల రెండు వరసల్లో పదహారు రంధ్రాలు. నాలుగైదు లక్షల చిన్న కారులోనూ ఇదే, కోటి దాటిన ఎస్‌యూవీలోనూ ఇదే. చోటు కూడా పెద్దగా మారదు, స్టీరింగ్‌కు రెండడుగుల లోపే ఉండాలని ప్రమాణం.

2002లో పారిస్ మోటార్ షోలో పోర్షే సంస్థ కయెన్‌ను ప్రదర్శించింది. స్పోర్ట్స్ కార్లకు పేరుమోసిన కంపెనీ తెచ్చిన తొలి ఎస్‌యూవీ అది. టర్బో మోడల్లో 4.5 లీటర్ల వీ8 ఇంజను, రెండు టర్బోలు, 450 హార్స్‌పవర్. అలాంటి బండి బానెట్ ఎత్తితే కనిపించేవి నల్లటి ప్లాస్టిక్ మూతలే. అంబాసిడర్ కార్బ్యురేటర్ విప్పి, ఊది, మళ్లీ బిగించిన చేతికి ఇక్కడ పట్టు దొరకదు. అయినా తన బండిని తానే చూసుకోవాలనుకునేవాడికి లోపలికి ఒక దారి ఉంది. అదే ఆ సాకెట్టు. దాని వెనకున్న ఏర్పాటు పేరు ఆన్‌బోర్డ్ డయాగ్నొస్టిక్స్, పొట్టిగా ఓబీడీ. బండి తన లోపాన్ని తానే కనిపెట్టి రాసిపెట్టుకోవడం దాని పని. కార్ల కంపెనీలు దీన్ని మనమీద ప్రేమతో పెట్టలేదు. ఒక ఊరి జనానికి కళ్లు మండి, ఊపిరాడక, దశాబ్దాల తరబడి పోరితే వచ్చింది.

ఆ ఊరు లాస్ ఏంజెలెస్. 1943 జూలైలో ఒకరోజు ఊరి మీద పొగతెర దిగింది. వీధి చివర ఏముందో కనబడలేదు, అందరికీ కళ్లవెంట నీళ్లు. రెండో ప్రపంచయుద్ధం నడుస్తున్న రోజులు కావడంతో జపాన్ విషవాయువు వదిలిందేమోనని భయపడినవాళ్లూ ఉన్నారు. తర్వాత నింద ఊళ్లోని ఒక కృత్రిమ రబ్బరు ముడిసరుకు కర్మాగారం మీద పడింది. దాన్ని మూయించారు. పొగ మాత్రం పోలేదు.

అసలు దొంగను పట్టుకున్నది అనాసపండు వాసన మీద పరిశోధిస్తున్న రసాయన శాస్త్రవేత్త. ఆరీ హాగెన్-స్మిట్ నెదర్లాండ్స్‌లో పుట్టి కాల్‌టెక్‌లో స్థిరపడినవాడు. అనాస ఆవిరిని చల్లటి గొట్టాల్లో పట్టి, చుక్కలుగా దించి, ఆ వాసన దేనివల్ల వస్తోందో తేల్చడం ఆయన విద్య. అదే పద్ధతిలో లాస్ ఏంజెలెస్ గాలిని పట్టి చూశాడు. గోధుమరంగు, ముక్కు బద్దలయ్యే వాసన గల ద్రవం దిగింది. బండ్ల నుంచి, చమురు శుద్ధి కర్మాగారాల నుంచి వచ్చే మండని ఇంధన ఆవిరి, నైట్రోజన్ ఆక్సైడ్లు కలిసి ఎండలో ఓజోన్‌గా మారుతున్నాయని 1950ల తొలినాళ్లకల్లా నిరూపించాడు. సాగదీసిన రబ్బరు ముక్కను ఆ గాలిలో పెట్టి, ఎంత త్వరగా పగుళ్లిస్తుందో చూసి ఓజోన్‌ను కొలిచేవారు. సైలెన్సర్ నుంచి వచ్చింది వచ్చినట్టు కాక, ఎండతో కలిసి విషమవుతోందన్నమాట. కాలిఫోర్నియా 1967లో గాలి వనరుల బోర్డును ఏర్పాటు చేసింది. మరుసటి ఏడు దాని మొదటి ఛైర్మన్‌గా కూర్చున్నది హాగెన్-స్మిటే.

1975 మోడళ్లతో అమెరికా కార్ల కడుపు కింద, పొగను శుభ్రం చేసే కేటలిటిక్ కన్వర్టర్లు వచ్చాయి. తర్వాత వచ్చిన మూడు పనుల కన్వర్టరుకు ఒక పట్టింపు ఉంది. ఒక పాలు పెట్రోలుకు 14.7 పాళ్ల గాలి, తూకంలో, అటూ ఇటూ కాకుండా అందాలి. ఆ లెక్క కార్బ్యురేటర్ వల్ల కాదు. 1976లో వోల్వో కార్లలో బాష్ సంస్థ ఆక్సిజన్ సెన్సార్ పెట్టారు. పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను అది కొలిచి చెబితే ఇంజను పెట్రోలు పాలు సర్దుకుంటుంది. ఆ సర్దుబాటుకు కంప్యూటర్ కావాల్సి వచ్చింది.

చిక్కు ఇక్కడే వచ్చింది. షోరూము నుంచి బయటికొచ్చిన రోజున బండి శుభ్రంగానే ఉంటుంది. మూడేళ్లకు సెన్సార్ చచ్చిపోయినా బండి పరిగెడుతూనే ఉంటుంది. నడిపేవాడికి తేడా తెలియదు. తెలిసేది వీధిలో పీల్చేవాడి ఊపిరితిత్తులకే. కాబట్టి బండి తన తప్పు తానే ఒప్పుకోవాలని బోర్డు పట్టుబట్టింది. 1988 మోడళ్ల నుంచి కాలిఫోర్నియాలో అది నియమమైంది.

తొలి తరం ఏర్పాట్లు తలా ఒక తీరు. 1980ల జనరల్ మోటార్స్ కార్లలో ఒక సాకెట్టులోని రెండు గూళ్లను కాగితాల క్లిప్పుతో కలిపితే ఇంజన్ లైటు మినుకుమినుకుమని కోడ్ చెప్పేది. ఒకసారి వెలిగి, ఆగి, రెండుసార్లు వెలిగితే 12. సామాన్యుడి చేతికి అందిన మొదటి స్కానర్ ఆ కాగితాల క్లిప్పు! కానీ కంపెనీకో సాకెట్టు, కంపెనీకో భాష. షెడ్డు నడిపే మెకానిక్ పది పెట్టెలు కొనుక్కోవాలి. ఆ గందరగోళానికి ముగింపు ఓబీడీ-2. ఒకే సాకెట్టు, ఒకే కోడ్ పద్ధతి. 1996 మోడల్ నుంచి అమెరికాలో అమ్మే ప్రతి కారుకూ తప్పనిసరి. 2008కల్లా మాట్లాడే భాష కూడా ఒకటే అయింది. బాష్ 1986లో లోకానికి చూపించిన క్యాన్ అనే రెండు తీగల పద్ధతి అది. సాకెట్టులో 6, 14 నంబర్ల గూళ్లు ఆ తీగలవే.

లోపల జరిగే పనిలో నన్ను ఎప్పటికీ అబ్బురపరిచేది మిస్సింగ్‌ను పట్టుకునే తీరు. ఎనిమిది సిలిండర్ల ఇంజను 3000 ఆర్‌పీఎంలో తిరుగుతుంటే సెకనుకు 200 సార్లు పెట్రోలు అంటుకుంటుంది. వాటిలో ఒకటి అంటుకోలేదని కంప్యూటర్‌కు ఎలా తెలుస్తుంది? సిలిండర్ లోపల ఎవరూ కాపలా లేరు. క్రాంక్ షాఫ్ట్‌కు పళ్లచక్రం ఒకటి ఉంటుంది. చాలా ఇంజన్లలో అరవై పళ్ల చోటు, అందులో రెండు లేకుండా. పక్కనున్న సెన్సార్ ఒక్కో పన్ను దాటడానికి పట్టే సమయాన్ని కొలుస్తుంది. మంట అంటుకున్న ప్రతిసారీ క్రాంకుకు ఒక తోపు అందుతుంది. ఒక సిలిండర్ తన వంతు తప్పితే ఆ తోపు రాదు, చక్రం వెంట్రుకవాసి మందగిస్తుంది. ఆ మందగింపు ఎవరి వంతులో వచ్చిందో లెక్కగట్టి కంప్యూటర్ కోడ్ రాస్తుంది. పీ0303 అంటే మూడో సిలిండర్. గుంతల రోడ్డు కుదుపు చక్రాల నుంచి క్రాంకు దాకా వెళ్లి ఇలాంటి మందగింపునే పుట్టించగలదు కనుక, కొన్ని బండ్లు గతుకుల మీద ఈ లెక్కను కాసేపు ఆపేస్తాయి.

ఇక మీ చేతికి పని. ఈ తరహా ఇంజన్లలో ప్రతి ప్లగ్గు నెత్తిన ఒక ఇగ్నిషన్ కాయిల్ కూర్చుని ఉంటుంది. ఏళ్ల తరబడి వేడికి కాయిల్ ఒంటిమీద సన్నని పగుళ్లు పడతాయి. వేల వోల్టుల కరెంటు ప్లగ్గు దాకా వెళ్లకుండా ఆ పగుల్లోంచి ఇంజన్ లోహంలోకి దూకుతుంది. ఇంజను పూర్తిగా చల్లారాక, మూడో కాయిల్‌ను విప్పి ఐదో దాని చోట, ఐదోది మూడో చోట పెట్టండి. ఏ సిలిండర్ ఎక్కడుందో ముందు మాన్యువల్లో చూసుకోవాలి, కంపెనీకో లెక్క. కోడ్ తుడిచి కొంతదూరం నడపండి. పీ0305 వస్తే దొంగ కాయిలే. పీ0303 కదలకపోతే అదే ఆట ప్లగ్గుతో ఆడాలి. అప్పటికీ కదలకపోతే ఇంజెక్టరో కంప్రెషనో. రూపాయి ఖర్చు కాలేదు, కొత్త సామాను ఒక్కటీ కొనలేదు. ఇలా చోట్లు మార్చి చూడకుండా కోడ్ చదివిన వెంటనే ఎనిమిది కాయిళ్లూ మార్పించేవాళ్లున్నారు. అది వైద్యం కాదు, దుబారా.

ఒక్క హెచ్చరిక. ఇంజన్ లైటు నిలకడగా వెలిగితే తీరిగ్గా చూసుకోవచ్చు. ఆగి ఆగి కొట్టుకుంటుంటే మాత్రం వెంటనే కాలు తీయాలి. మండని పెట్రోలు కన్వర్టర్‌లోకి వెళ్లి అక్కడ మండుతోందని దాని అర్థం. లోపలి పింగాణీ తేనెపట్టు కరిగిపోతే దాని ఖరీదు ముందు కాయిల్ ఖరీదు లెక్కలోకి రాదు.

కోడ్ ఒక ఫిర్యాదు మాత్రమే, తీర్పు చెప్పాల్సింది మనిషి. పీ0171 సంగతే చూడండి. పెట్రోలు పాలు తగ్గిందని అది చెబుతుంది, ఎందుకో చెప్పదు. అది తెలుసుకోవడానికి స్కానర్‌లో ఫ్యూయల్ ట్రిమ్ అనే అంకె చూడాలి. కంప్యూటర్‌కు తన అంచనా కన్నా ఎంత శాతం ఎక్కువ పెట్రోలు పోయాల్సి వస్తోందో అది చూపిస్తుంది. బండి నిలబడి ఉన్నప్పుడు 20 శాతం ఎక్కువ, 2500 ఆర్‌పీఎంకు తీసుకెళ్తే 5 శాతం అనుకోండి. ఎక్కడో గొట్టం పగిలి దొంగగాలి దూరుతోంది. ఇంజను నిదానంగా ఉన్నప్పుడు పీల్చే గాలే కొద్ది, అందులో ఆ దొంగగాలి పెద్ద వాటా. వేగం పెరిగితే అదే గాలి సముద్రంలో కాకిరెట్ట. తిరగబడి, వేగం పెరిగేకొద్దీ అంకె పెరుగుతుంటే గొట్టాల జోలికి వెళ్లొద్దు. పెట్రోలు పంపో, ఫిల్టరో, మురికి పట్టిన గాలి సెన్సారో చూడాలి. టర్బో బండిలో ఇంకో మెలిక ఉంది. నిదానంలో గాలిని లోపలికి పీల్చే పగులే, టర్బో ఊదినప్పుడు గాలిని బయటికి తోసేస్తుంది. షెడ్డులో గొట్టాల్లోకి పొగ వదిలి అది ఎక్కడ బయటపడుతుందో చూసేది ఇందుకే.

కోడ్ తుడిచేముందు దాని పక్కనే భద్రమైన ఫ్రీజ్ ఫ్రేమ్‌ను ఫోనులో ఫొటో తీసుకోండి. లోపం పుట్టిన క్షణాన వేగమెంత, ఇంజను వేడెంత, దాని మీద పడ్డ భారమెంత అన్నీ అందులో ఉంటాయి. తుడిస్తే అవీ పోతాయి.

ఈ ఏర్పాటుకు కనబడనివీ చాలానే ఉన్నాయి. మొదటి తరం కయెన్ వీ8లో ఇంజన్ మధ్య లోయలో, ఇన్‌టేక్ మానిఫోల్డ్ కింద, కూలెంట్ గొట్టాలు ప్లాస్టిక్‌వి. వేడికి పెళుసెక్కి పగులుతాయని ఆ బండి తెలిసినవాళ్లందరికీ తెలుసు, అందుకే అల్యూమినియం గొట్టాలు వేయించుకుంటారు. కారడం మొదలైన రోజున ఏ కోడూ రాదు. వాసన, తగ్గిపోతున్న కూలెంట్ మట్టం, అంతే ఆనవాలు. ముక్కుకూ కంటికీ ఇంకా పనుంది. అలాగే బ్యాటరీ. డీలాపడ్డ బ్యాటరీ ఉన్న ఖరీదైన బండి ఒకేసారి పది కోడ్‌లు కక్కుతుంది, బ్రేకుల నుంచి సస్పెన్షన్ దాకా. ఏదీ విప్పకముందు వోల్టేజీ కొలవాలి. ఆపి ఉంచిన బండిలో 12.6 వోల్టులు, ఇంజను నడుస్తుంటే ఇంచుమించు 14.

సాఫ్ట్‌వేరు రాసినవాడే అబద్ధమాడితే ఓబీడీ ఏం చేయలేదన్నది 2015లో లోకానికి తెలిసింది. వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయ బృందం, అందులో భారతీయ విద్యార్థులూ ఉన్నారు, కొలత యంత్రాలను బండి వెనక కట్టి రోడ్డు మీదే డీజిల్ పొగను కొలిచింది. రెండు ఫోక్స్‌వ్యాగన్ కార్ల అంకెలు పరిమితిని ఎన్నో రెట్లు దాటాయి. ఆ ఏడాది నవంబరులో అమెరికా పర్యావరణ సంస్థ నోటీసులోకి మూడు లీటర్ల డీజిల్ ఎస్‌యూవీలు కూడా ఎక్కాయి, టూరెగ్, కయెన్. పరీక్ష తొలి అంకానికి పట్టే 1370 సెకన్లూ బుద్ధిగా ఉండి, ఆ మరుసటి సెకనే బండి పద్ధతి మార్చుకునేదని, నైట్రోజన్ ఆక్సైడ్లు పరిమితికి తొమ్మిది రెట్ల దాకా వచ్చేవని నోటీసు చెప్పింది. ఆ వేళ డ్యాష్‌బోర్డు మీద ఏ లైటూ వెలగలేదు.

మన దేశానికి ఓబీడీ బీఎస్-4 పొగ ప్రమాణాలతో వచ్చింది. 2010 ఏప్రిల్‌లో ఆ ప్రమాణాలు మొదలైన పదమూడు నగరాల్లో హైదరాబాద్ ఒకటి. రెండో దశ ఓబీడీ 2013లో, బీఎస్-6 2020లో. రోడ్డు మీది పొగను రోడ్డు మీదే కొలిచే నియమం 2023 ఏప్రిల్ నుంచి. ఈలోగా కెనడాలోని ఎల్మ్ ఎలక్ట్రానిక్స్ చేసిన ఈఎల్ఎం327 చిప్పు, దాని లెక్కలేనన్ని నకళ్లు, స్కానర్‌ను అగ్గిపెట్టెంత చేసి ఫోనుకు కలిపేశాయి.

సాకెట్టు తెరిచిన ఆ తలుపు ఇప్పుడు మళ్లీ మూసుకుంటోంది. 2015లో ఇద్దరు పరిశోధకులు నడుస్తున్న జీప్ చెరోకీని దూరం నుంచే చేజిక్కించుకుని చూపించారు, 14 లక్షల బండ్లు వెనక్కి పిలవాల్సి వచ్చింది. క్యాన్ తీగల్లో వచ్చే మాట ఎవరిదో అడిగే అలవాటు లేకపోవడం దానికి ఊతమిచ్చింది. అప్పటి నుంచి చాలా కంపెనీలు సాకెట్టుకూ బండికీ మధ్య తాళం పెట్టాయి. భయం నిజమే. కానీ తాళంచెవి కంపెనీ దగ్గరే ఉంటే బండి ఎవరిదన్న ప్రశ్న కూడా అంతే నిజం. మసాచుసెట్స్ రాష్ట్రంలో 2012లోనూ 2020లోనూ దీన్ని నేరుగా ఓటుకు పెట్టారు. రెండుసార్లూ బండివాళ్లే గెలిచారు, భారీగా.

విద్యుత్ కారుకు సైలెన్సరే లేదు, పొగ కోసం పుట్టిన చట్టం దానికి వర్తించదు. కొన్నింటిలో ఆ పదహారు రంధ్రాల సాకెట్టే మాయమైంది. దానికీ కదిలింది హాగెన్-స్మిట్ కూర్చున్న ఆ బోర్డే. 2022లో అది ఆమోదించిన నియమాల్లో, కాలిఫోర్నియాలో 2026 మోడల్ నుంచి బ్యాటరీ ఆరోగ్యం ఎంత మిగిలిందో ఏ పరికరమూ అక్కర్లేకుండా, డ్రైవరు సీట్లో కూర్చున్న మనిషికే కనబడాలని రాశారు.