తెల్ల గౌను వయసెంత?

చర్చిలో జరిగే పెళ్ళి మీలో చాలామంది చూసే ఉంటారు. పెళ్ళికూతురు తెల్లచీర కట్టుకుని, తలమీద పల్చని ముసుగు వేసుకుని, చేతిలో పూలగుత్తితో నడిచివస్తుంది. ఐరోపా, అమెరికాలలో అయితే చీరకు బదులు నేలమీద జీరాడే తెల్లగౌను. ఈ ఆచారం ఏ వెయ్యేళ్ళనాటిదో అనుకుంటాం. కాని ఇది అందరి ఆచారంగా మారి రెండువందల ఏళ్ళయినా కాలేదు!

మరి అంతకుముందు అక్కడి పెళ్ళికూతుళ్ళు ఏ రంగు ధరించేవారు? ఉన్న బట్టల్లో మంచిది ఏ రంగుదైతే ఆ రంగే. నీలం, ఎరుపు, గోధుమరంగు, చివరికి నలుపు కూడా. ఆ బట్టలనే తర్వాత ఏళ్ళతరబడి ఆదివారాలు చర్చికి వేసుకుని వెళ్ళేవారు. ఒక్కరోజు తొడిగి పెట్టెలో దాచే బట్టలు కొనగల స్తోమత ఎందరికుంటుంది? రాచకన్యలకు మాత్రం వెండి జలతారు మీద మోజు. 1816లో ఇంగ్లండు రాజకుమారి షార్లెట్ అలాంటి గౌనులోనే పెళ్ళాడింది. 1558లో పారిస్‌లో స్కాట్లండు రాణి మేరీ తెల్లని దుస్తుల్లో పెళ్ళిచేసుకుంటే అది వింత అయింది. ఎందుకంటే ఫ్రాన్సు రాణులకు తెలుపు సంతాపసూచకం. రెండేళ్ళకే ఆమె భర్త చెవిలో పుట్టిన వ్యాధితో చనిపోయాడు. దానికీ గౌను రంగుకీ ఏ సంబంధమూ లేదని మీకు వేరే చెప్పనక్కరలేదు!

తెలుపు అరుదుగా ఉండడానికి ఇంకో కారణం ఉంది. తెల్లబట్ట తయారుచేయడమే కష్టం. నూలు, నార బట్టలను బూడిదనీటిలో ఉడికించి, పచ్చికమీద ఎండలో పరిచి, పులిసిన మజ్జిగలో నానబెట్టి, మళ్ళీ ఎండబెట్టి, ఇలా నెలలతరబడి చేస్తేగాని తెల్లబడేవి కావు. 1774లో షీలే అనే శాస్త్రజ్ఞుడు క్లోరిన్ వాయువును కనిపెట్టాడు. అది రంగులను పోగొడుతుందని గ్రహించి 1785లో ఫ్రాన్సులో బెర్తొలే బట్టలమీద ప్రయోగించాడు. 1799లో గ్లాస్గోలో చార్లెస్ టెనంట్ బ్లీచింగ్ పౌడరుకు పేటెంటు పొందాడు. దాంతో నెలల పని రోజుల్లోకి వచ్చింది. అయితే ఇది నూలుకు, నారకే. పట్టు మన వెంట్రుకలాగా ప్రోటీన్‌తో తయారైనది. క్లోరిన్ తగిలితే పాడవుతుంది. పట్టుదారాన్ని కాల్చి చూడండి, వెంట్రుక కాలిన వాసనే వస్తుంది.

ఇప్పుడు 1840 ఫిబ్రవరి 10వ తేదీకి వద్దాం. ఆ రోజు లండన్‌లో విక్టోరియా రాణి ఆల్బర్ట్‌ను పెళ్ళాడింది. ఆమె గౌను తెల్ల పట్టు శాటిన్. అది ఇంగ్లండులోని స్పిటల్‌ఫీల్డ్స్‌లో నేసింది. దానిమీద లేసు డెవన్ ప్రాంతపు హానిటన్ లేసు. మన నరసాపురం వైపు స్త్రీలు కొక్కెపు సూదితో లేసు అల్లడం మీరు ఎరుగుదురు. హానిటన్ లేసు అలా కాదు. ఒక దిండుమీద గుండుసూదులు గుచ్చి, వాటి చుట్టూ చిన్న చిన్న కర్రకండెల దారాలను మెలివేస్తూ ఒక్కొక్క పువ్వు, ఒక్కొక్క ఆకు అల్లుతారు. కళ్ళు కాయలు కాసే పని.

అప్పటికి ఆ పనివాళ్ళ నోటిదగ్గర కూడు పోతోంది. జాన్ హీత్‌కోట్ 1809లో పేటెంటు పొందిన యంత్రం వల అల్లికను చవకగా నేసిపారేస్తోంది. 1816లో లఫ్‌బరోలోని అతని ఫ్యాక్టరీలో ఆందోళనకారులు యంత్రాలు పగలగొడితే, అతను తన పనిని డెవన్‌లోని టివర్టన్‌కే మార్చాడు! రాణి తన పెళ్ళికి హానిటన్ లేసు కోరడంతో బీర్ అనే పల్లెలోనూ చుట్టుపక్కలా రెండువందలమందికి పైగా స్త్రీలకు నెలలతరబడి పని దొరికింది. తమాషా ఏమిటంటే, చేతితో అల్లిన ఆ పువ్వులను కుట్టింది యంత్రం నేసిన వలమీదనే. ఇంకెవరూ అలాంటిది చేయించుకోకుండా తర్వాత ఆ నమూనాను నాశనం చేశారు.

నమూనా పోయినా రంగు మిగిలింది. పత్రికలలో బొమ్మలు చూసి కలిగినవారు తెలుపు కోరసాగారు. 1849లోనే, అంటే తొమ్మిదేళ్ళకే, ‘గోడీస్ లేడీస్ బుక్’ అనే అమెరికా పత్రిక తెలుపు అనాదిగా వస్తున్న ఆచారమని రాసేసింది!

గిరాకీ పెరిగాక కక్కుర్తి కూడా వచ్చింది. పట్టుదారాన్ని సబ్బునీళ్ళలో ఉడికిస్తే జిగురు పోయి దాదాపు నాలుగోవంతు బరువు తగ్గుతుంది. పట్టు బరువు లెక్కన అమ్మేది. అందుచేత పోయిన బరువును, కొన్నిసార్లు అంతకు మించి, తగరపు లవణాలతో నింపేవారు. బట్ట మందంగా, కుచ్చెళ్ళు చక్కగా జారుతూ ఉండేది. కాని లోపల ఆ లవణాలు పోగులను తినివేస్తూ ఉండేవి. అందుకే 1890 తర్వాతి గౌనులు ఎన్నో ఎవరూ ముట్టుకోకుండానే మడతల వెంట చిట్లి పేలికలవుతున్నాయి. వాటికన్నా నూరేళ్ళ ముందరి పట్టు గట్టిగా ఉంటే, ఇవి మ్యూజియంలలో పొడి రాలుతున్నాయి. వీటిని కాపాడడం గొప్ప తలనొప్పి. కుట్టబోతే సూది పడినచోటే చిరుగుతుంది.

రెండవ ప్రపంచయుద్ధం రోజుల్లో కొత్త పోగు రంగంలోకి దిగింది. 1935లో అమెరికాలో కరోథర్స్ తయారుచేసిన నైలాన్ పారాచూట్లకు పనికివచ్చింది. 1944లో ఒక అమెరికన్ పైలట్ విమానానికి నిప్పంటుకోగా చైనామీద పారాచూట్‌తో దూకాడు. ఆ రాత్రి దాన్నే దిండుగా, దుప్పటిగా వాడుకున్నాడు. తర్వాత దాన్ని భద్రంగా ఇంటికి తెచ్చి, తను పెళ్ళాడబోయే అమ్మాయికి గౌను కుట్టించుకొమ్మని ఇచ్చాడు. ఆమె పారాచూట్ తాళ్ళనే పైకిలాగి, ముందువైపు పొట్టిగా, వెనుక జీరాడేట్టుగా అమర్చుకుంది. 1947లో ఆ గౌనులోనే పెళ్ళి జరిగింది. ఆ తర్వాత వాళ్ళ కూతురు, కోడలు కూడా అదే వేసుకున్నారు. ఇప్పుడది వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది.